27వ పాఠం దాకా ఆగలేని లాటిన్

మీరూ టైప్ చేసే ఉంటారు. ఎవరో పోయారని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది. కింద వరసగా అందరూ మూడే అక్షరాలు పెడతారు: ఆర్ ఐ పి. 'రెస్ట్ ఇన్ పీస్'కి పొట్టి పేరని మన లెక్క. ఇంగ్లిష్‌కి ఆ అక్షరాలు అలా కలిసొచ్చాయంతే. అసలు అవి లాటిన్ మాటలవి: రెక్వియెస్కత్ ఇన్ పాచె.

నేను నడిపే లాటిన్ క్లాసు ఈ మూడు మాటల దగ్గరే మునిగిపోబోయింది. మళ్లీ వీటిని పట్టుకునే ఒడ్డెక్కింది. అవును, లాటిన్ క్లాసే. నవ్వకండి, చెప్తాను.

నాకు 28 ఏళ్లు. పగలు బ్యాకెండ్ డెవలపర్ని. గుంటూరు దగ్గర బీటెక్, డాలస్‌లో ఎమ్మెస్, అక్కడే ఉద్యోగం. ఆదివారాలు ఇంటి దగ్గరి కథోలిక చర్చిలో కాయిర్‌తో పాడతాను. 2020 లాక్‌డౌన్‌లో హాస్టల్ మూసేసి ఇంటికి పంపితే, మా ఫ్రెండ్స్ అంతా వెబ్ సిరీస్‌లు చూశారు. నేను ఏదో పంతం కొద్దీ లాటిన్ మొదలుపెట్టాను. ఆ సంగతి ఒకరోజు ప్రాక్టీసులో నోరు జారాను. "అయితే మాకూ నేర్పు. మేం పాడేదేంటో మాకే తెలీదు" అన్నారు కాయిర్ మాస్టారు.

మంగళవారం సాయంత్రం 7 గంటలకి, చర్చి వెనక హాల్లో క్లాసు. మొదటిరోజు 14 మంది వచ్చారు. ఒక ఫిలిప్పీన్స్ నర్సు, ఒక నైజీరియా అకౌంటెంటు, ఒక ఏసీ మెకానిక్కు, స్కూల్ బస్సు నడిపి రిటైరైన 71 ఏళ్ల పెద్దావిడ... ఇలా. ఆ గదిలో అందరికన్నా చిన్నవాణ్ణి నేనే. టీచర్నీ నేనే.

ఎవరూ మాట్లాడని భాష కదా, ఎందుకు?

ముందు ఒక కథ. 2013 ఫిబ్రవరి 11. వాటికన్‌లో ఒక మామూలు సమావేశం. పోప్ 16వ బెనడిక్ట్ కాగితం చూసి నెమ్మదిగా లాటిన్‌లో ఏదో చదువుతున్నారు. టీవీ తెరల ముందున్న విలేకరులకి అదొక రొటీన్ తంతు. ఇటలీ వార్తా సంస్థ ఆన్సాలో పనిచేసే జొవాన్నా కిర్రీ అనే విలేకరికి మాత్రం లాటిన్ వచ్చు. పోప్ రాజీనామా చేస్తున్నారని ఆమెకి అర్థమైంది. వందల ఏళ్లలో జరగని సంగతి! స్కూల్లో నేర్చుకున్న లాటిన్ ఆమెకి ఆ రోజు ప్రపంచంలోనే అతిపెద్ద వార్తని ఇచ్చింది.

లాటిన్ ఎవరి ఇంట్లోనూ మాతృభాష కాదు, నిజమే. కానీ కథోలిక తిరుసభ ముఖ్యమైన పత్రాలు కొన్ని ఇప్పటికీ లాటిన్‌లో వెలువడుతున్నాయి. పోప్‌కి ట్విట్టర్‌లో (ఇప్పటి ఎక్స్) లాటిన్ ఖాతా కూడా ఉంది, 2013లోనే మొదలైంది. వాటికన్‌లో ఏటీఎం కూడా లాటిన్‌లో పలకరించేది.

మరి మామూలు జనం సంగతి? 1962 నుంచి 1965 దాకా రోమ్‌లో జరిగిన రెండో వాటికన్ మహాసభ తర్వాత పూజ ఎవరి భాషలో వాళ్లకి వచ్చేసింది. మన ఊళ్లలో తెలుగులోకి, అమెరికాలో ఇంగ్లిష్‌లోకి. కానీ 1963లో ఆ సభ ఇచ్చిన పత్రం లాటిన్‌ని తీసేయమనలేదు. జనం తమ వంతు ప్రార్థనల్ని లాటిన్‌లో కూడా చెప్పగలిగేలా, పాడగలిగేలా చూడమంది. ఆ మాటని చాలామంది మరిచిపోయారు. అందుకే నా క్లాసులో రెండు రకాల జనం. చిన్నప్పుడు లాటిన్ విని, అర్థం తెలియకుండానే పెరిగిన 70 ఏళ్లవాళ్లు. అసలు వినకుండా పెరిగి, ఇప్పుడు ఆసక్తి పుట్టిన 35 ఏళ్లవాళ్లు.

టెక్ స్టాక్ ఎంచుకున్నట్టు ఎంచుకున్నాను

కొత్త ప్రాజెక్టుకి ఏ డేటాబేస్ వాడాలో తేల్చినట్టే, లాటిన్ పుస్తకాలకీ ఒక ఎక్సెల్ షీట్ తయారుచేశాను. రివ్యూలు, రేటింగులు, పేజీలు, ధర. చివరికి ఆ షీట్‌ని పక్కన పడేసి, నాకు పనికొచ్చిన పుస్తకాన్నే పెట్టేశాను. పేరు 'ఫమీలియా రొమానా'. డెన్మార్క్‌కి చెందిన హన్స్ ఓర్బెర్గ్ రాశారు. మొత్తం 35 పాఠాలు. మొదటి పేజీ నుంచి చివరి దాకా లాటిన్ తప్ప ఇంకో భాష ఉండదు. రోమ్ ఎక్కడుంది, నది ఏది, ద్వీపం ఏది అంటూ మ్యాపుతో మొదలై, ఒక రోమన్ కుటుంబం కథగా సాగుతుంది. బొమ్మలు చూస్తూ, ఊహిస్తూ చదువుకుంటూ పోవడమే.

అద్భుతమైన పుస్తకం. ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంటుంది. తప్పు పుస్తకానిది కాదు. లాక్‌డౌన్‌లో రోజుకి నాలుగు గంటలు ఖాళీగా ఉన్న 22 ఏళ్ల కుర్రాడికి సరిపోయింది, వారానికి గంటన్నర దొరికే నర్సుకీ సరిపోతుందనుకున్నాను చూడండి, అదీ తప్పు.

రెండో వారం బస్సు నడిపిన పెద్దావిడ చెయ్యెత్తారు. పర్సులోంచి ఒక ఫొటో తీశారు. భర్త సమాధి రాయి. పేరు, తేదీలు, వాటి కింద మనం మొదట్లో చెప్పుకున్న మూడు మాటలు.

"దీని అర్థం ఇంగ్లిష్‌లో నాకు తెలుసు. కానీ ఇందులో ఏ మాట ఏం చేస్తోందో చెప్పు. ఆయన విశ్రాంతిగా ఉన్నాడని ఇది నాకు చెబుతోందా? ఉండమని ఎవరినైనా అడుగుతోందా?"

చాలా మంచి ప్రశ్న. దానికి నేనిచ్చిన జవాబు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "అది కొంచెం పెద్ద గ్రామర్ అండీ. 27వ పాఠంలో వస్తుంది. అక్కడికి వెళ్లాక చూద్దాం" అన్నాను.

ఆవిడ ఫొటోని మళ్లీ పర్సులో పెట్టుకున్నారు.

వారానికో పాఠం అనుకున్నాం కానీ నిజానికి ఒక్కోదానికి రెండు వారాలు పడుతోంది. అంటే 27వ పాఠానికి ఏడాది. ఆరో వారానికి క్లాసులో మిగిలింది ఐదుగురు. ఆవిడ లేరు. జనాన్ని మళ్లీ రప్పించడానికి ఒక శని, ఆదివారాలు కూర్చుని పదాలు బట్టీ పట్టే యాప్ ఒకటి రాశాను. రెండు వేల పదాలు ఎక్కించాను. ఇన్‌స్టాల్ చేసుకున్నది ఇద్దరు. వాళ్లలో ఒకణ్ణి నేనే.

"బాబూ, మూడో పాఠంలో అన్న చెల్లెల్ని కొట్టాడు, ఐదో పాఠంలో తోటలో గులాబీలు పూశాయి. బాగుంది. మేం ఆదివారం పాడేది ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు ఏసీ మెకానిక్కు. కోపంగా అడగలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

నాయనమ్మ ఒక్క సెకనులో చెప్పింది

మాది ఫిరంగిపురం. మా నాయనమ్మ సిస్టర్ల బడిలో చదువుకుంది. అప్పట్లో పూజంతా లాటినే. పాటల గుంపులో పాడేది. ఆదివారం ఉదయం నేను వీడియో కాల్ చేస్తే అక్కడ రాత్రి, జపమాల చెప్పుకుని పడుకోబోయే టైము. ఆ రోజు నా ఏడుపంతా ఆవిడ ముందు వెళ్లబోసుకున్నాను.

"నీకు లాటిన్ గుర్తుందా నాయనమ్మా?"

"ఎందుకు లేదురా అబ్బాయ్!" అని మొదలెట్టింది. పరలోక జపం, మంగళవార్త జపం, పూజలో పాడేవి, ఒక్క మాట తడబడకుండా. అరవై ఏళ్ల కిందట నేర్చుకున్నవి. నేను నోరు తెరుచుకుని విన్నాను.

"అర్థం తెలుసా?"

"మాకెవరు చెప్పార్రా? పాడమన్నారు, పాడాం."

సరే, సరదాకి ఆ సమాధి మాటల గురించి చెప్పాను. "రెక్వియెస్కిత్ అంటే విశ్రమిస్తున్నాడు అని. అందులో ఒక అక్షరం మార్చి రెక్వియెస్కత్ అంటే అర్థం మారిపోతుంది నాయనమ్మా. ఎలా చెప్పాలంటే... జరిగింది కాదు, జరగాలని కోరుకోవడం..."

"గాక అన్నమాట. విశ్రమించుగాక. దానికేందిరా అంత సాగదీస్తావు?"

నేను 27వ పాఠానికి వాయిదా వేసిన గ్రామర్ ఇదే. మా నాయనమ్మకి ఒక్క సెకను పట్టింది.

ఎందుకంటే తెలుగు ప్రార్థనల్లో 'గాక' లేని పేజీ ఉండదు. ఆవిడ నోట్లో రోజూ ఆడే మాట. లాటిన్‌లోనూ అంతే. పరలోక జపం మొదటి వాక్యాల్లోనే మూడు 'గాక'లున్నాయి. అందులో మూడోది మీకూ తెలుసు: ఫియత్. 'అగును గాక' అని. క్రిప్టో గురించి చదివేవాళ్లు 'ఫియట్ కరెన్సీ' అంటారే, అది ఈ మాటే. 'ఇది డబ్బు అగును గాక' అని ప్రభుత్వం అనడం వల్లే డబ్బయిన కాగితం!

ఫోన్ పెట్టేశాక ఎక్సెల్ షీట్ మళ్లీ తెరిచాను. అన్ని కాలమ్స్ పెట్టాను కానీ ఒకటి మర్చిపోయాను: నేర్చుకునే మనిషికి ఇప్పటికే ఏం వచ్చు?

పాఠ్యపుస్తకాలు సులువు నుంచి కష్టానికి వెళ్తాయి. అందుకే 'గాక' రూపం ఓర్బెర్గ్ పుస్తకంలో 27వ పాఠంలో, కాలేజీల్లో బాగా వాడే వీలాక్ పుస్తకంలో 28వ పాఠంలో వస్తుంది. సీజర్‌నీ సిసెరోనీ చదవాలనుకునే స్టూడెంట్‌కి ఆ వరస సరైనదే. కానీ చర్చిలో కూర్చునే పెద్దవాళ్లకి ఆ 'గాక' చిన్నప్పటి నుంచీ చెవుల్లో ఉంది. వాళ్లకి కొత్తది నేర్పక్కర్లేదు. ఉన్నదాని తాళం తీసిస్తే చాలు.

ఏ పుస్తకం ఎవరికి?

రెండో బ్యాచ్‌కి ముందు రెండు నెలలు పుస్తకాలతోనే గడిపాను. నాకు అర్థమైంది ఇది.

చర్చి లాటిన్ వేరే భాష కాదు, అదే లాటిన్. కానీ మాటల అర్థాలు జరిగాయి. 'సాలుస్' అంటే పాత రోమన్లకి ఆరోగ్యం, క్షేమం. చర్చిలో అది రక్షణ. 'సాక్రామెంతుమ్' అంటే సైనికుడు చేసే ప్రమాణం. చర్చిలో దివ్యసంస్కారం. 'పాగానుస్' పల్లెటూరివాడు కాస్తా క్రైస్తవుడు కానివాడయ్యాడు. కాబట్టి యుద్ధాలు, సెనేట్ చుట్టూ తిరిగే పుస్తకంలో నేర్చిన పదాలు ఆదివారం సగమే పనికొస్తాయి.

చర్చి లాటిన్ కోసమే రాసిన పుస్తకాలున్నాయి. జాన్ కాలిన్స్ రాసిన 'ఎ ప్రైమర్ ఆఫ్ ఎక్లీజియాస్టికల్ లాటిన్' 1985లో వచ్చింది. 35 యూనిట్లు. ఉదాహరణలు ఎక్కువగా బైబిల్ నుంచి, పూజ పుస్తకం నుంచి. గ్రామర్ బాగా దట్టించి ఉంటుంది. ఒక యూనిట్‌ని ఒక వారంలో మింగడం ఉద్యోగస్తులకి కష్టం. జవాబుల పుస్తకం విడిగా దొరుకుతుంది. ఇది చిన్న విషయం అనుకోకండి. రాత్రి పదింటికి పిల్లల్ని పడుకోబెట్టి ఒక్కరే కూర్చుని చదివే మనిషికి, తను రాసింది రైటో కాదో తేల్చే మార్గం లేకపోతే మూడో రోజుకి పుస్తకం మూసేస్తారు.

స్కాన్లన్ ద్వయం 1944లో రాసిన 'లాటిన్ గ్రామర్' కాస్త నెమ్మదిగా నడుస్తుంది. పూజ పుస్తకం చదవగలిగేలా చేయడమే దాని లక్ష్యం. 1922లో వచ్చిన నన్ పుస్తకం సన్నది. ఎప్పుడో కొంత లాటిన్ చదివి మర్చిపోయినవాళ్లకి బాగుంటుంది, కొత్తవాళ్లకి కాదు.

వీటన్నిటికన్నా నన్ను కదిలించింది ఒక మాస్టారి పద్ధతి. రెజినాల్డ్ ఫోస్టర్. అమెరికాలోని మిల్వాకీలో ఒక ప్లంబర్ కొడుకు. సన్యాసి అయి, 1969 నుంచి నలభై ఏళ్లు వాటికన్‌లో పోప్‌ల లాటిన్ పత్రాలు రాశారు. రోమ్‌లో లాటిన్ నేర్పడంలో ఆయన పేరు మోగిపోయింది. మామూలు పాఠ్యపుస్తకం వాడేవారు కాదు. మొదటి రోజు నుంచే అసలైన రచనల్లోని ముక్కలు ఇచ్చేవారు. హోంవర్క్ కాగితాలకి ఆయన పెట్టిన పేరు 'లూదీ దొమెస్తిచీ'. అంటే ఇంట్లో ఆటలు. 2020 క్రిస్మస్ రోజున చనిపోయారు.

ఆయనంత ప్రతిభ నాకు లేదు. కానీ మొదటి రోజే అసలు సరుకు ఇవ్వడం నా వల్లా అవుతుంది కదా!

'కైలీ'నా, 'చేలి'నా?

ఇంకో గొడవ ఉచ్చారణ. లాటిన్ అక్షరాలు ఒకటే, పలకడం రెండు రకాలు. కాలేజీల్లో నేర్పేది సీజర్ కాలం నాటి పలుకు. చర్చిలో వినిపించేది ఇటలీ పలుకు. 1912లో పోప్ పదో పయస్ ఫ్రాన్స్‌లోని ఒక ఆర్చిబిషప్‌కి రాసిన ఉత్తరంలో ఈ రోమ్ పలుకునే మెచ్చుకున్నారు. అలా అది ఇంకా పాకింది.

మొదటి బ్యాచ్‌లో నేనిది పట్టించుకోలేదు. ఎవరికి దొరికిన ఆడియో వాళ్లు విన్నారు. ఈస్టర్ రోజుల్లో పాడే 'రెజీనా చేలి' ఒకరోజు మొదలైంది. గుంపులో సగం మంది 'చేలి' అన్నారు, సగం మంది 'కైలీ' అన్నారు. కాయిర్ మాస్టారు నా వైపు చూసిన చూపు నేను మర్చిపోను.

మనవాళ్లకి ఇక్కడొక సుఖం ఉంది. తెలుగులో రాసుకుంటే చాలు, తప్పే పోదు. 'సి' అక్షరం తర్వాత 'ఇ', 'ఎ' వస్తే చర్చిలో అది 'చ'. 'జి', 'ఎన్' కలిస్తే 'అన్యాయం'లోని 'న్య'. అందుకే గొర్రెపిల్లని 'అగ్నుస్' అనరు, 'ఆన్యుస్' అంటారు. 'నాకు' అనే మాటని 'మిహి' అని రాసి 'మీకి' అని పలుకుతారు. నా నోట్సంతా తెలుగు లిపిలోనే ఉంటుంది. క్లాసులో ఎవరైనా తొంగిచూసి "అదేం కోడ్?" అంటారు.

గ్రామర్‌లోనూ మనకి లాభమే. బళ్లో 'డు, ము, వు, లు' అని విభక్తులు వల్లించినవాళ్లకి లాటిన్ చుట్టమే. 'సెర్వుస్ దోమినుమ్ ఆమత్' అంటే 'సేవకుడు యజమానిని ప్రేమిస్తాడు'. మాటల్ని అటూ ఇటూ తిప్పి 'దోమినుమ్ సెర్వుస్ ఆమత్' అన్నా ప్రేమించేది సేవకుడే. 'యజమానిని సేవకుడు ప్రేమిస్తాడు' అన్నా మనకి అర్థం మారదు కదా, కర్మకి 'ని' అతుక్కుని ఉంటుంది కాబట్టి. లాటిన్‌లో ఆ పని 'మ్' చేస్తుంది. ఇంగ్లిష్‌లో మాటల స్థానం మారితే అర్థం తిరగబడుతుంది. అందుకే మా అమెరికా స్టూడెంట్లకి ఈ ఒక్క సంగతికి మూడు వారాలు పట్టింది. వాళ్ల కోసం రంగు పెన్నులు తెచ్చాను. చేసేవాడు నీలం, చేయించుకునేవాడు ఎరుపు. ఏ పుస్తకంలోనూ లేని ఆ రంగులు అన్నిటికన్నా బాగా పనిచేశాయి.

వరస తిరగేశాను

రెండో బ్యాచ్ ఇలా నడిపాను.

మొదటి ఆరు వారాలు పుస్తకమే లేదు. అందరికీ నోటికొచ్చిన ప్రార్థనలు, పాటలు మాత్రమే. 1974లో పోప్ ఆరో పాల్, ప్రతి కథోలికుడికీ ఇవైనా తెలిసి ఉండాలంటూ సులువైన లాటిన్ పాటల్ని 'యూబిలాతే దేయో' అనే చిన్న పుస్తకంగా ఇచ్చారు. నా సిలబస్ అక్కడి నుంచి తీసుకున్నాను. పూజలో మొదట పాడే 'కిరియే' నిజానికి లాటిన్ కాదు, గ్రీకు అని చెప్తే మొదటి క్లాసే నవ్వులతో మొదలైంది.

కాగితం మీద మూడు వరసలు. పైన లాటిన్, పెద్ద అక్షరాల్లో, ఎక్కడ ఒత్తి పలకాలో గుర్తుతో. మధ్యలో మాటకి మాట అర్థం. కింద ఖాళీ, అక్కడ వాళ్ల సొంత వాక్యం రాసుకోవాలి. అచ్చయిన అనువాదం పక్కన పెట్టలేదు. అది చదవడానికి హాయిగానే ఉంటుంది కానీ, కళ్లు లాటిన్‌ని వదిలేసి దాని మీదకే పోతాయి. నాలుగో వారం నుంచి మధ్య వరస కూడా తీసేశాను. కొంచెం గొణిగారు. తర్వాత అలవాటు పడ్డారు.

ఏడో వారం నుంచి కాలిన్స్ పుస్తకం, వారానికి అర యూనిట్. దానితో పాటు చదవడానికి మార్కు, యోహాను సువార్తలు. నాలుగో శతాబ్దం చివర్లో సెయింట్ జెరోమ్ సిద్ధం చేసిన లాటిన్ బైబిల్‌లో సువార్తల భాష చాలా సులువు. చిన్న వాక్యాలు, 'మరియు, మరియు' అంటూ మా నాయనమ్మ కథ చెప్పినట్టే సాగుతాయి. కథ ముందే తెలుసు కాబట్టి తెలియని మాటని ఊహించొచ్చు. పాత రోమన్ రచయితలు 'అని' చెప్పడానికి వాక్యాన్నంతా మెలితిప్పుతారు. బైబిల్ లాటిన్‌లో చాలాచోట్ల 'క్వియా' అనే చిన్న మాట పెట్టి పని కానిస్తారు. మన 'అని' చివర్లో వస్తుంది, అది ముందొస్తుంది. అంతే తేడా.

కీర్తనలు తర్వాత. అవి హీబ్రూ నుంచి గ్రీకులోకి, గ్రీకు నుంచి లాటిన్‌లోకి వచ్చాయి. కొన్ని వాక్యాలు వింతగా ఉంటాయి. అన్నిటికన్నా చివర, పూజ మొదట్లో గురువుగారు చదివే చిన్న ప్రార్థనలు. చూడ్డానికి నాలుగు లైన్లే. కానీ ఒకే వాక్యం, మడతల మీద మడతలు. చిన్నగా ఉంది కదా అని మొదటి నెలలో ఇస్తే క్లాసు పారిపోతుంది.

'ఫమీలియా రొమానా'ని వదల్లేదు. ఇంకా చదవాలనే ఆకలి ఉన్నవాళ్లకి ఇంటికిస్తాను. 28వ పాఠంలో ఒక పాత్ర సువార్త చదివే ఘట్టం వస్తుంది. అక్కడిదాకా వెళ్లిన నర్సు ఒకావిడ నాకు అర్ధరాత్రి మెసేజ్ పెట్టింది, "చేరుకున్నా!" అని.

ఫోన్లో ఏం ఉండాలి?

నా యాప్‌ని గౌరవంగా సమాధి చేశాను. దాని బదులు అందరికీ చూపించేది 'వర్డ్స్' అనే పాత ప్రోగ్రామ్. అమెరికా వైమానిక దళంలో కల్నల్‌గా చేసిన విలియం విటేకర్ రాశారు. 'ఆడా' అనే ప్రోగ్రామింగ్ భాష పుట్టడానికి దారితీసిన బృందాన్ని నడిపింది ఈయనే. ఈ లాటిన్ ప్రోగ్రామ్‌నీ ఆడాలోనే రాశారు. మీరొక మాట ఇస్తే చివరి ప్రత్యయాన్ని విడగొట్టి, మూలాన్ని వెతికి, సాధ్యమైన రూపాలన్నీ చూపిస్తుంది. ఆయన 2010లో పోయారు. ప్రోగ్రామ్ ఇంకా నడుస్తోంది. కోడ్ రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఒక హెచ్చరిక. 'దోమిని' అని కొడితే 'ప్రభువు యొక్క', 'ప్రభువులు' రెండూ చూపిస్తుంది. ఏది సరైనదో అది తేల్చదు, మీరే తేల్చుకోవాలి. అందుకే మొదటి నెల దీన్ని చూపించను. అప్పటిదాకా స్టెల్టెన్ కూర్చిన చర్చి లాటిన్ నిఘంటువు చాలు. చర్చిలో ఆ మాటకి ఉన్న అర్థమే ఇస్తుంది.

ఎంచుకునే ముందు ఐదు ప్రశ్నలు

లాటినే కాదు, ఇంట్లో అమ్మకి ఇంగ్లిష్ నేర్పాలన్నా, కొలీగ్‌కి తెలుగు నేర్పాలన్నా ఇవి పనికొస్తాయి.

1. ఈ మనిషి ఈ భాషతో ఏం చేయాలనుకుంటున్నారు? పాడాలా, చదవాలా, ఒక రాయి మీద మాటలు అర్థం చేసుకోవాలా?

2. మొదటి వారం ఇచ్చేదాంట్లో వాళ్లకి ముందే తెలిసింది ఎంతుంది?

3. ఆడియోలో వినిపించేదీ, వాళ్లు బయట వినేదీ ఒకటేనా?

4. టీచర్ పక్కన లేనప్పుడు తప్పొప్పులు చూసుకునే దారి ఉందా?

5. వాళ్ల కళ్లకి అక్షరాలు ఆనుతాయా? వాళ్ల వారంలో ఆ పేజీలు పడతాయా? 71 ఏళ్ల మనిషికి ఇది చిన్న ప్రశ్న కాదు.

'ఏది బెస్ట్ పుస్తకం?' అనేది ఈ జాబితాలో లేదు. గమనించారా?

ఒక్క అక్షరం

రెండో బ్యాచ్ మొదలయ్యే ముందు ఆ పెద్దావిడకి ఫోన్ చేశాను. "మీ ప్రశ్నకి అప్పుడే జవాబు చెప్పాల్సింది. తప్పు నాది. ఈసారి మొదటి క్లాసు దాంతోనే మొదలెడతాను, రండి" అన్నాను. "చూస్తాను" అన్నారు. అమెరికాలోనైనా, అమరావతిలోనైనా పెద్దవాళ్ల 'చూస్తాను'కి అర్థం మనకి తెలుసు కదా. రారనే అనుకున్నా.

వచ్చారు. ముందు వరసలో కూర్చున్నారు.

బోర్డు మీద రెండు మాటలు రాశాను. రెక్వియెస్కిత్, రెక్వియెస్కత్. మొదటిది 'విశ్రమిస్తున్నాడు', అది కబురు. రెండోది 'విశ్రమించుగాక', అది ప్రార్థన. తొలినాటి క్రైస్తవుల సమాధుల మీద మొదటిది కూడా కనిపిస్తుంది. మీ రాయి మీదున్నది రెండోది.

ఆవిడ ఫొటో తీసి చూసుకున్నారు. చాలాసేపు. "అంటే ఇది నాకు చెప్పడం లేదు. నేను అడుగుతున్నాను. అక్కడికి వెళ్లి చదివిన ప్రతిసారీ నేనే అడుగుతున్నాను" అన్నారు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆవిడే మళ్లీ అడిగారు. "ఆ రాయి మీద నా పేరుకి కూడా చోటు వదిలారు. ఇద్దరికీ కలిపి అయితే ఏం మార్చాలి?"

"రెక్వియెస్కంత్. ఒక్క 'ఎన్' అక్షరం చేర్చాలండి. అంతే."

"ఒక్క అక్షరమేనా? చెక్కేవాడు ఎక్కువ తీసుకోడులే" అని నవ్వారు. అందరం నవ్వాం.

ఆ బ్యాచ్‌లో 12 మంది చేరారు. చివరి దాకా 10 మంది ఉన్నారు. ఆవిడ ఒక్క క్లాసు కూడా మానలేదు. పదాల చీటీలన్నీ రబ్బరు బ్యాండు వేసి పర్సులో పెట్టుకుంటారు, ఆ ఫొటో పక్కనే. వచ్చే నెల మూడో బ్యాచ్. మొదటి కాగితం ప్రింట్ తీసి పెట్టాను. పైన మూడే మాటలున్నాయి.